వానను కొలవండి

శ్రోతలకు నమస్కారం. ముఖ్యంగా బడికి, కాలేజీకి వెళ్లే పిల్లలకు. వాతావరణ మార్పు అనగానే ఎక్కడో ధ్రువాల దగ్గర కరిగే మంచు గురించి చెబుతారు. నేను మన రాయలచెరువు కట్ట మీద మొదలుపెడతాను.

2021 నవంబరు గుర్తుంది కదా? తిరుపతి వీధుల్లో నీళ్లు, తిరుమల ఘాట్ రోడ్ల మీద విరిగిపడిన కొండచరియలు. ఆ వానలకే రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు నిండింది. రాయలవారి కాలం నాటిదని చెప్పుకునే చెరువు. అంత పాత కట్టకు ఒకచోట నీరు ఊరడం మొదలైంది. మట్టి జారసాగింది. కింది ఊళ్లవాళ్లను ఇళ్లు ఖాళీ చేయమన్నారు. కట్టకు ఇసుక బస్తాలు వేశారు. తెగితే ఎన్ని ఊళ్లు మునుగుతాయో అని జిల్లా అంతా టెన్షన్. కట్ట నిలబడింది. ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ నా గొంతు వణుకుతుంది. కట్ట నిలబడింది.

ఆ ఒక్క వానకు భూమి వేడెక్కడమే కారణమని నేను అనను. శీతోష్ణస్థితి మారిందని చెప్పాలంటే దశాబ్దాల లెక్కలు చూడాలి. కానీ అసలు సంగతి కష్టమైనదేం కాదు. బొగ్గు, పెట్రోలు, డీజిల్ కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్ భూమి వేడిని బయటికి సులభంగా పోనివ్వదు. ఫ్యాక్టరీలు రాకముందు గాలిలో అది పది లక్షల పాళ్లకు 280 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. దిగినప్పుడు అది కుండపోతగా దిగుతుంది.

మరి విద్యార్థులు ఏం చేయాలి? మొక్కలు నాటమని, లైట్లు ఆర్పమని అందరూ చెబుతారు. మంచిదే, చేయండి. నేను మాత్రం ఒక్కటే అడుగుతాను. వానను కొలవండి.

అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పున్న డబ్బా తీసుకోండి. చెట్టుకు, గోడకు దూరంగా, నేలకు ఒక అడుగు ఎత్తున పెట్టండి. గాలికి పడిపోకుండా చుట్టూ ఇటుకలు పేర్చండి. రోజూ ఉదయం 8.30కి స్కేలుతో ఎన్ని మిల్లీమీటర్లో చూసి, నోట్సులో రాసి, నీళ్లు పారబోయండి. వాతావరణ శాఖ వాళ్లు లెక్క తీసేదీ ఆ వేళకే. 64.5 మిల్లీమీటర్లు వచ్చిందంటే వాళ్ల లెక్కలో భారీ వర్షం. 204.4 దాటితే అత్యంత భారీ వర్షం.

వాన పడని రోజు సున్నా రాయండి. సున్నా మానేయకండి పిల్లలూ. వరుసగా ఎన్ని సున్నాలు వచ్చాయో తెలిస్తేనే ఆ ఏడు మన వేరుశనగ ఎందుకు ఎండిందో అర్థమవుతుంది.

లెక్కల టీచర్లకు ఒక మనవి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వంద చదరపు మీటర్ల బడి మిద్దె మీద 65 మిల్లీమీటర్లు పడితే 6,500 లీటర్లు. ఆ నీళ్లు ఎటు పోయాయో పిల్లల చేత వెతికించండి. ఇంకుడుగుంతకా, రోడ్డు మీదికా? మీ ఊరి చెరువుకు నీళ్లు తెచ్చే కాలువ పూడిపోయిందా? చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు పోయే మొరవ దగ్గర ముళ్లకంపలు పెరిగాయా? చూసింది కూడా వాన లెక్క పక్కనే రాయించండి. గ్రామసభలో కాలువ తవ్వించమని అడిగేటప్పుడు ఆ నోట్సు తీసుకెళ్లండి.

ఈశాన్య రుతుపవనాలు మనకు అక్టోబరులో వస్తాయి. డబ్బా అంతకుముందే పెట్టండి.