స్వీట్ కార్న్ విషం కాదు, చెడిపోయిన గింజ!

ఇదిగో, నా అరచేతిలో రెండు గింజలున్నాయి. ఒకటి మామూలు మొక్కజొన్న విత్తనం. నిండుగా, నున్నగా మెరుస్తోంది. రెండోది స్వీట్ కార్న్ విత్తనం. దగ్గరగా చూపిస్తాను, చూడండి. బుగ్గలు పీక్కుపోయి, ఒళ్లంతా ముడతలు పడి, ఊదితే ఎగిరిపోయేలా ఉంది.

"స్వీట్ కార్న్ ప్రయోగశాలలో పుట్టిన జన్యుమార్పిడి విషం" అంటూ తిరుగుతున్న వీడియో మీరూ చూసే ఉంటారు. నాకైతే ఒళ్లు మండింది. అది విషం కాదు స్వామీ, ఒక జన్యువు చెడిపోయిన గింజ! చెడిపోయింది కాబట్టే తియ్యగా ఉంది!

మొక్కజొన్న గింజ ఒక పిండి కర్మాగారం. ఆకులు చక్కెర పంపుతాయి, గింజలోని ఎంజైములు దాన్ని ఇటుకల గోడలా పిండిగా పేరుస్తాయి. ఆ గోడకు ఇటుకలు అందించే ఎంజైము ఒకటుంది. దాన్ని తయారుచేసే జన్యువుల్లో ఒకదాని పేరు ష్రంకెన్-2. ఆ జన్యువు దెబ్బతింటే ఇటుకలు కరవు. గోడ లేవదు, చక్కెర చక్కెరగానే పోగుపడుతుంది. గింజ ఎండాక లోపల సరుకు లేక ఇలా ముడుచుకుపోతుంది. ఇందులో ఉన్న తీపి సంగతి 1953లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జాన్ లాఫ్నన్ ప్రచురించారు. అంతకు ముందు నుంచీ ఉన్న స్వీట్ కార్న్‌లో పాడైంది షుగరీ-1 అనే మరో జన్యువు. ఎక్కడో ఒకచోట విరగాల్సిందే, తీపి రావాల్సిందే!

వేరే జీవి నుంచి జన్యువు తెచ్చి అతికించనక్కర్లేదు. పురుగును తట్టుకునేలా జన్యుమార్పిడి చేసిన స్వీట్ కార్న్ రకాలూ ఉన్నాయి, కాదనను. అది వేరే తగువు. తీపికీ దానికీ సంబంధం లేదు.

నమ్మకం లేదా? స్వీట్ కార్న్ పక్కనే మామూలు మొక్కజొన్న వేసి చూడండి. కంకి మీద ఒక్కో పీచు ఒక్కో గింజకు దారి. గాలికి కొట్టుకొచ్చిన మామూలు పుప్పొడి ఒక పీచు మీద పడిందా, తండ్రి వైపు నుంచి బాగున్న జన్యువు వచ్చేస్తుంది, ఆ ఒక్క గింజలో కర్మాగారం మళ్లీ నడుస్తుంది. పిండి పట్టి చప్పబడుతుంది. దాన్ని ఆనుకొని ఉన్న గింజ మాత్రం తియ్యగానే ఉంటుంది. మరమ్మతు జరిగితే రుచి పోయింది, గమనించారా?

నన్నడిగితే మన పంటల చరిత్రంతా ఇదే. గింజకు నష్టం, మనకు లాభం. మొక్కజొన్నకు పూర్వీకురాలైన టియోసింటె గడ్డిలో గింజ రాయిలాంటి పెంకులో దాక్కుంటుంది. ఒక జన్యువు చేసే ప్రోటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం, అంటే ప్రోటీన్‌ను కట్టే ఒక ముక్క, మారడంతో ఆ పెంకు ఊడి గింజ బయటపడింది. మొక్కకది కోట కూలినట్టు. సుమారు 9,000 ఏళ్ల కిందట మెక్సికోలో దాన్ని పెంచుకున్న మనిషికి పండగ!

మొక్కజొన్నలోనే ఓపేక్-2 అనే మరో జన్యువు తీసుకోండి. అది పాడైతే గింజలో జెయిన్ అనే ప్రోటీన్లు తగ్గుతాయి. వాటిలో మన ఒంటికి తప్పనిసరైన లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉండదు కాబట్టి, గింజలో లైసిన్ వాటా పెరుగుతుంది. 1964లో పర్డ్యూ విశ్వవిద్యాలయం ఈ సంగతి చెప్పగానే అందరూ ఎగిరి గంతేశారు. తీరా చూస్తే గింజ సుద్దముక్కలా మెత్తన, పురుగుకు విందు, దిగుబడి తక్కువ. దాన్ని మళ్లీ గట్టిపరచడానికి సురీందర్ వాసల్, ఎవాంజెలీనా విలేగాస్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి శ్రమించారు. 2000లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు.

అన్ని చెడులూ మనకు పనికిరావు, ఒప్పుకుంటాను. కొన్ని మ్యుటేషన్లలో, అంటే జన్యువుల్లో వచ్చే మార్పుల్లో, గింజ నిద్రపోవడమే మరిచిపోయి, కంకి మీద ఉండగానే మొలకెత్తుతుంది. చూడటానికి భలే ఉంటుంది, తినడానికేమీ ఉండదు.

మళ్లీ ఈ ముడతల గింజ దగ్గరకొద్దాం. విషమట! ఆ వీడియో పెట్టిన పెద్దమనిషి దీన్ని చల్లటి తడి నేలలో వేసి చూడాలి. మొలకకు పెట్టడానికి లోపల తగినంత పిండి లేక, చాలా గింజలు అక్కడే కుళ్లిపోతాయి.