రంగుల విల్లెమ్‌స్టాడ్‌లో ఒక శనివారం

అందరికీ నమస్కారం. కూరగాయలకు బయలుదేరాను, మీరూ నాతో రండి. ఇది వెనెజువెలా తీరానికి దగ్గరలో ఉన్న కురసావ్ దీవి. ఊరు విల్లెమ్‌స్టాడ్. వైద్యవిద్య కోసం వచ్చిన మన తెలుగు పిల్లలు కొందరు ఇక్కడ కనిపిస్తుంటారు.

మేముండేది సముద్రపు పాయకు ఈ పక్క ఓత్రోబాండాలో, మార్కెట్ ఉన్నది అవతలి ఒడ్డున పుండాలో. నా కాళ్ల కింద కదులుతున్నది క్వీన్ ఎమ్మా వంతెన. దీనికి స్తంభాలు లేవు, 16 పడవల మీద తేలుతూ ఉంటుంది. ఓడ వస్తే వంతెన మొత్తం ఒక పక్కకు తిరిగి దారి ఇస్తుంది. నారింజ రంగు జెండా ఎగిరితే కాసేపట్లో వంతెనను మళ్లీ కలుపుతారు. నీలం జెండా అయితే చాలాసేపు ఆగాలి, లేదా ఉచితంగా నడిచే పడవ ఎక్కాలి.

1888లో ఇది కట్టినప్పుడు దాటడానికి సుంకం ఉండేది. బూట్లు వేసుకున్నవారు కట్టాలి, ఉత్త కాళ్లతో నడిచేవారికి ఉచితం. పేదవారు బూట్లు అరువు తెచ్చుకుని మరీ సుంకం కట్టేవారని ఇక్కడి పెద్దలు చెబుతారు. ఈ దీవిలో బానిసత్వం రద్దయింది 1863లో. అప్పటికి పాతికేళ్లే గడిచాయి. తమ పేదరికాన్ని నలుగురి ముందు ఒప్పుకోవడం కంటే రెండు కాసులు పోగొట్టుకోవడమే వారికి నయమనిపించి ఉంటుంది. ఈ మాట విన్న రోజు నుంచి వంతెన మీద నడుస్తుంటే వారే గుర్తుకొస్తారు.

ఎదురుగా పసుపు, గులాబీ, నీలం రంగుల మేడలు చూశారా? అదే హాండెల్స్‌కాడె. కురసావ్ అంటే అందరూ చూసే ఫోటో ఇదే. తెల్లటి గోడల మీద ఎండ పడి తలనొప్పి వస్తోందని 1817లో గవర్నర్ కికెర్ట్ తెల్ల సున్నం వద్దన్నాడట. ముచ్చటైన కథే. కానీ ఈ మేడలు ఏ డబ్బుతో లేచాయన్నది కూడా చెప్పుకోవాలి. 1634లో డచ్చివారు స్పెయిన్ నుంచి ఈ దీవిని గుంజుకున్నారు. ఇక్కడి లోతైన సహజ రేవు వారికి కలిసొచ్చింది. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన మనుషులను ఇక్కడ దించి, స్పానిష్ వలసలకు అమ్మారు. 1997లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ఈ నగరం ఎదగడంలో ఆ వ్యాపారానికి పెద్ద పాత్ర ఉంది.

మార్కెట్‌కు వచ్చేశాం. బెండకాయలు లేతగా ఉన్నాయి, తీసుకుంటాను. పక్కనే పాత మార్కెట్‌లో భోజనం పెడతారు. బెండకాయతో చేసే గియాంబో పులుసు, మొక్కజొన్న పిండితో చేసే ఫుంచి. ఫుంచి మన సంకటిలా గట్టిగా ఉంటుంది. పులుసు లేకుండా నాకు దిగదు, గియాంబోతో మాత్రం హాయిగా తినేస్తాను.

ఇంకొక్క పేరు చెప్పాలి: తులా, ఇక్కడి బానిసల తిరుగుబాటుకు నాయకుడు. 1795 ఆగస్టు 17న క్నిప్ తోటలో బానిసలు పని మానేసి ఆయన వెంట నడిచారు. స్వేచ్ఛ తప్ప మరేమీ అడగలేదు. అక్టోబర్ 3న ఆయనను అతి క్రూరంగా చంపారు. డచ్ ప్రభుత్వం ఆయన గౌరవాన్ని అధికారికంగా తిరిగి నిలబెట్టింది 2023లో, అంటే 228 ఏళ్ల తరువాత. రిఫ్ తీరంలో ఆ తిరుగుబాటుకు స్మారకం ఉంది, ఓత్రోబాండా నుంచి నడిచి వెళ్లవచ్చు. మీరు వస్తే ముందు అక్కడికి వెళ్లండి, మేడల ముందు ఫోటోలు తరువాత దిగవచ్చు.