చలికాలం కోసం ఒక చెట్టు

సభకు నమస్కారం.

న్యూజెర్సీలో స్థిరపడిన మన తెలుగువాళ్లలో చాలామంది పెరట్లో వంగ, బెండ, గోంగూర, సొర పెంచుతున్నారు. శరదృతువులో మొదటి గడ్డమంచు పడిన రాత్రితో అవన్నీ నల్లబడిపోతాయి. ఆ తర్వాత మళ్లీ ఏప్రిల్ దాకా కిటికీలోంచి చూస్తే కనిపించేది బోసి నేల మాత్రమే. ఆ నెలల కోసం ఒక చెట్టు నాటుకోమని మిమ్మల్ని అడగడానికే ఈ రోజు వచ్చాను. దాన్ని ఇక్కడి నర్సరీల్లో పేపర్‌బార్క్ మేపుల్ అంటారు. శాస్త్రీయ నామం ఏసర్ గ్రీసియం.

ఈ చెట్టుకు పువ్వులు ఉన్నట్టే తెలియదు. ఆకు మాత్రం మనకు చూడగానే చుట్టంలా అనిపిస్తుంది, ఎందుకంటే మారేడు దళంలా ఒక్కో తొడిమకు మూడు రెక్కలుంటాయి. ఆకు అడుగుభాగం బూడిదరంగులో ఉంటుంది కాబట్టే గ్రీసియం అన్న పేరు వచ్చింది. మిగతా మేపుల్ చెట్లు ఆకు రాల్చేశాక ఇది నారింజ, ఎరుపు రంగుల్లోకి తిరుగుతుంది. అయితే ఇదంతా అదనం. అసలు సొగసు బెరడుది. దాల్చినచెక్క రంగులో, కాగితమంత పలచగా, చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. జామచెట్టు బెరడు పొరలుగా ఊడి రాలిపోవడం మనందరం చూశాం. ఇక్కడ ఊడిన పొర వెంటనే రాలదు. నెలల తరబడి కాండాన్నే అంటిపెట్టుకుని గాలికి అల్లాడుతుంది. చైనీయులు దీన్ని పిలిచే పేరుకు ‘నెత్తుటి బెరడు మేపుల్’ అని అర్థం.

బెరడు ఎందుకిలా లేస్తుంది? కాండం లోపలినుంచి లావెక్కుతుంటే పైనున్న మృతకణాల పొర సాగలేక పగులుతుంది. చింతచెట్టుకో మామిడిచెట్టుకో ఆ పగుళ్లు గరుకుగా అక్కడే పేరుకుపోతాయి. ఈ చెట్టుకు పొరలు పలచనివి కావడంతో అంచుల దగ్గర విడివడి చుట్టుకుంటాయి. ఇంకో సంగతి, దీనికి ముసలితనం దాకా ఆగనక్కరలేదు. రెండు మూడేళ్ల కొమ్మల మీదే బెరడు లేవడం మొదలవుతుంది.

దీని పుట్టిల్లు మధ్య చైనా కొండలు. ఇంగ్లండులోని వీచ్ నర్సరీ తరఫున అక్కడికి వెళ్లిన ఎర్నెస్ట్ విల్సన్ 1901లో దీన్ని పాశ్చాత్య తోటలకు పరిచయం చేశారు. 1907లో ఆయన ద్వారానే బోస్టన్‌లోని ఆర్నాల్డ్ ఆర్బొరేటం అనే వృక్షోద్యానానికి మొక్కలు చేరాయి. పుట్టిన అడవుల్లో మాత్రం ఇది ఇప్పుడు అంతరించే ప్రమాదంలో ఉంది. 2015లో అమెరికా, చైనా వృక్షశాస్త్రవేత్తలు కలిసి ఆ కొండల్లో తిరిగి, మిగిలిన చెట్లను వెతికారు. మన పెరట్లో ఒకటి బతికితే అడవికి వెంటనే ఒరిగేదేమీ లేకపోవచ్చు. అయినా ఇది అపురూపమైన జాతి అని తెలిసి నాటడం వేరు, తెలియక నాటడం వేరు.

విత్తనాలతో మొదలుపెడతామని ఉత్సాహపడకండి. చెట్టునిండా రెక్కల విత్తనాలు కాస్తాయి, కానీ కోసి చూస్తే వాటిలో చాలావరకు తాలు గింజలే. తోటలో ఒంటరిగా ఉన్న చెట్టయితే మరీను. గట్టి గింజ దొరికినా, పైపెంకు కొయ్యలా ఉంటుంది గనుక మొలవడానికి రెండు మూడేళ్లు పట్టవచ్చు. ఈ కారణంగానే నర్సరీలో మొక్క ధర ఎక్కువ. చిన్న మొక్క కొనండి, అది త్వరగా వేళ్లూనుకుంటుంది.

చోటు ఎంచుకోవడంలో మన కూరగాయల తోటలతో ఒక చిక్కుంది. వర్టిసిలియం అనే శిలీంధ్రం వల్ల వంగకు, టమాటాకు వచ్చే ఎండు తెగులు మేపుల్ చెట్లకూ వస్తుంది. ఆ శిలీంధ్రం మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. వంగమొక్కలు ఒక పక్కన వాడి ఎండిపోయిన మడి ఉంటే, అక్కడ ఈ చెట్టు వద్దు. నీరు నిలవని నేల కావాలి, అలాగని పూర్తిగా ఎండనివ్వకూడదు. ఎండ చాలినంత ఉంటే మంచిది, కాస్త నీడనూ ఓర్చుకుంటుంది. ఇంట్లో మీరు రోజూ కూర్చునే కిటికీకీ, చలికాలపు సాయంత్రపు ఎండకూ మధ్యలో ఉండేలా నాటండి. ఏటవాలు వెలుతురు వెనకనుంచి పడినప్పుడు ఆ పొరలు దీపానికి అడ్డుగా పట్టిన కాగితంలా వెలుగుతాయి. నా మాటల్లో ఇంకేది మరిచిపోయినా ఇది మాత్రం గుర్తుంచుకోండి.

నా మొదటి చెట్టు చచ్చిపోయింది. నాటడానికి వచ్చినవాళ్లు గొయ్యి లోతుగా తవ్వి, పైన చెక్కపొట్టును కాండం చుట్టూ చీమలపుట్టలా పోశారు. అందంగా ఉందనుకుని ఊరుకున్నాను. మూడో వసంతానికి మొదలు దగ్గర బెరడు కుళ్లి, చిగురు వేయలేదు. చాలా రోజులు బాధపడ్డాను. కాండం వేళ్లలోకి విచ్చుకునే చోటు నేలమట్టానికి పైన కనబడాలి. చెక్కపొట్టు రెండు మూడు అంగుళాల మందం చాలు, అదీ కాండానికి జానెడు దూరంలో. మొదటి రెండు మూడు వేసవులు వానలేని వారంలో పాదు నిండా తడపండి. ఆకురాలు కాలంలో మగజింకలు కొమ్ములు రుద్ది బెరడు చీల్చేస్తాయి కాబట్టి చుట్టూ వల కట్టండి. గడ్డి కోసే యంత్రాన్ని దగ్గరికి రానివ్వకండి. చలికాలం చివర కొమ్మ కోస్తే రసం కారుతుంది, అందుకే ఆ పని నడివేసవి దాటాక పెట్టుకోండి. కింది కొమ్మల్ని ఏడాదికి ఒకటి రెండు చొప్పున తీసేస్తే కాండం బయటపడుతుంది.

ఏటా అడుగుకు మించి పెరగదు. నా రెండో చెట్టు నాటి ఇప్పటికి పదకొండేళ్లు, ఎత్తు పన్నెండు అడుగులు. మన ఊళ్లలో బంధువులకు పంపుదామని అనుకోకండి. దీనికి గట్టి చలికాలం లేనిదే సాగదు, హైదరాబాదు ఎండలో పడేస్తే దాన్ని హింసించినట్టే.

ఈ సభ అయ్యాక నాలుగు గంటలకు మా ఇంటికి రండి, నడిచే దూరమే. ఆ వేళకు ఎండ సరిగ్గా కాండం వెనకకు వస్తుంది. పిల్లల్నీ తీసుకురండి. వేలితో తాకనివ్వండి, పొరను లాగనివ్వకండి. లాగితే కింద లేత బెరడు బయటపడి, ఆ మచ్చ ఏళ్లపాటు ఉండిపోతుంది.