ఒక్క ఎంజైము లోపించినప్పుడు

శ్రోతలందరికీ నమస్కారం.

ఒక చిన్న రొట్టె ముక్కను నోట్లో పెట్టుకొని, మింగకుండా, రెండు మూడు నిమిషాల పాటు నెమ్మదిగా నమిలి చూడండి. మొదట చప్పగా ఉన్న ముక్క కొంతసేపటికి తియ్యగా అనిపిస్తుంది. అందులో ఎవరూ చక్కెర కలపలేదు. రొట్టెలోని పిండిపదార్థాన్ని మీ లాలాజలంలో ఉన్న అమైలేజ్ అనే ఎంజైము ముక్కలు చేసి, మాల్టోస్ అనే చక్కెరగా మార్చింది. మన శరీరంలో ఇటువంటి ఎంజైములు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో ఒకటి పని చేస్తూ ఉండగా మన నాలుకకే నేరుగా తెలిసే సందర్భం మాత్రం బహుశా ఇదొక్కటే.

ఎంజైము అంటే ఏమిటో క్లుప్తంగా చెబుతాను. ఎంజైములు దాదాపు అన్నీ మాంసకృత్తులే. తాము ఖర్చు కాకుండా, ఒక రసాయన మార్పును కొన్ని లక్షల రెట్లు, ఒక్కొక్కప్పుడు అంతకన్నా ఎన్నో రెట్లు వేగంగా జరిపించడం వాటి పని. మన రక్తంలో బొగ్గుపులుసు వాయువును మోసుకుపోవడానికి తోడ్పడే ఒక ఎంజైము, సెకను కాలంలో సుమారు 10 లక్షల అణువులను మార్చివేయగలదు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ప్రతి ఎంజైముకు తన పని ఒక్కటే తెలుసు. పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ మాంసకృత్తుల జోలికి పోదు. మాంసకృత్తులను విడగొట్టే పెప్సిన్ క్రొవ్వును ముట్టుకోదు. అందుచేత ఒక ఎంజైము లేకపోతే దాని పని మరొకటి అందుకొని చేయడం సాధారణంగా జరగదు.

ఎంజైము అనగానే మనకు జీర్ణకోశం గుర్తుకు వస్తుంది. నోరు, జీర్ణాశయం, క్లోమం, చిన్నప్రేగు, వీటిలోని ఎంజైములు ఆహారాన్ని చిన్న చిన్న అణువులుగా విడగొట్టి రక్తంలోకి పంపే మాట నిజమే. అయితే పోషణ అక్కడితో పూర్తి కాదు. రక్తంలో చేరిన ఆ అణువులను కాలేయంలోనూ ఇతర కణాలలోనూ ఉన్న ఎంజైములు ఒకదాని తరువాత ఒకటిగా అందుకొని, అవసరమైన రూపంలోకి మార్చినప్పుడే అది మనకు ఆహారం అవుతుంది. ఆ వరుసలో ఒక్కటంటే ఒక్క ఎంజైము లోపిస్తే ఏమవుతుంది? ఈ విషయం ఎప్పుడు చెప్పవలసి వచ్చినా నేను ఒక ఉదాహరణనే ఎంచుకుంటాను. ఈరోజు నాకు ఉన్న సమయంలో ఎక్కువ భాగం దానికే ఇస్తాను.

1934వ సంవత్సరం. నార్వే దేశంలో ఒక తల్లికి ఇద్దరు పిల్లలు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. పుట్టినప్పుడు ఇద్దరూ చక్కగానే ఉన్నారు. నెలలు గడిచిన కొద్దీ ఇద్దరిలోనూ బుద్ధి వికాసం కుంటుపడింది. మాటలు సరిగా రాలేదు, నడక సరిగా రాలేదు. పైగా ఆ పిల్లల ఒంటి నుంచి విడవకుండా ఒక విధమైన ముక్కిన వాసన వచ్చేది. ఆ తల్లి ఎందరో వైద్యుల దగ్గరకు తిరిగింది. ఎవరూ కారణం చెప్పలేకపోయారు. ఆమె అడగడం మాత్రం మానలేదు. చివరకు ఆస్‌బ్యోర్న్ ఫొలింగ్ అనే వైద్యుణ్ణి ఆశ్రయించింది. ఆయన వైద్యం చదవడానికి ముందు రసాయన శాస్త్రం చదివినవాడు. ఆ చదువు ఇక్కడ అక్కరకు వచ్చింది.

ఫొలింగ్ ఆ పిల్లల మూత్రాన్ని తీసుకొని, అందులో ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణాన్ని కొన్ని చుక్కలు వేశాడు. ఆ రోజులలో అది సాధారణంగా చేసే పరీక్షే. మామూలుగా అయితే ద్రావణం గోధుమ రంగులో ఉండిపోవాలి. మధుమేహం ముదిరినవారిలో అయితే ఊదా ఎరుపు రంగుకు తిరగాలి. ఇక్కడ ఆ రెండూ కాక, ముదురు ఆకుపచ్చ రంగు వచ్చింది. అటువంటి రంగును ఆయన అంతకు ముందు చూడలేదు. పిల్లలకు ఇస్తున్న మందుల వల్ల ఏమైనా వచ్చిందేమోనని, మందులన్నీ ఆపి మళ్లీ తీసుకురమ్మన్నాడు. మళ్లీ ఆకుపచ్చ రంగే వచ్చింది. ఆ తల్లి తెచ్చి ఇస్తూ ఉంటే, సుమారు 20 లీటర్ల మూత్రాన్ని ఎంతో ఓపికగా శుద్ధి చేసి, ఆ రంగుకు కారణమైన పదార్థాన్ని ఆయన వేరు చేశాడు. అది ఫినైల్ పైరూవిక్ ఆమ్లం. ఆరోగ్యవంతుల మూత్రంలో కనిపించకూడని పదార్థం అది. తరువాత బుద్ధిమాంద్యం ఉన్నవారి సంరక్షణాలయాలలో 430 మందిని పరీక్షిస్తే, మరో ఎనిమిది మందిలో అదే ఆకుపచ్చ రంగు కనబడింది.

ఆ పిల్లలలో లోపించినది ఏమిటో తరువాతి పరిశోధనలు తేల్చాయి. ఒక్క ఎంజైము. పాలు, గుడ్లు, మాంసం, పప్పుధాన్యాలు, ఏ మాంసకృత్తును తీసుకున్నా అందులో ఫినైల్‌అలనైన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. అమైనో ఆమ్లాలంటే మాంసకృత్తులను కట్టే ఇటుకల వంటివి. ఆరోగ్యవంతుల కాలేయంలో ఫినైల్‌అలనైన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము, అవసరానికి మించిన ఫినైల్‌అలనైన్‌ను టైరోసిన్ అనే మరో అమైనో ఆమ్లంగా మార్చివేస్తుంది. ఆ ఎంజైము లేని బిడ్డలో ఫినైల్‌అలనైన్ పోయే దారి లేక పేరుకుపోతుంది. మామూలుగా 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 1 మిల్లీగ్రాము ఉండవలసినది 20 మిల్లీగ్రాములను దాటిపోతుంది. మెదడులోకి ఇతర అమైనో ఆమ్లాలు వెళ్లే ద్వారాలను కూడా అదే ఆక్రమించుకొని, ఎదుగుతున్న మెదడును దెబ్బతీస్తుంది. అంటే తల్లి ప్రేమతో పట్టిన పాలే ఆ బిడ్డకు హాని చేస్తాయి. పాలలో దోషం లేదు, తల్లిలో దోషం లేదు. లోపించినది ఒక్క ఎంజైము. ఆ పిల్లల మూత్రంలో ఫొలింగ్ కనుగొన్న ఫినైల్ పైరూవిక్ ఆమ్లం, ఇలా పేరుకుపోయిన ఫినైల్‌అలనైన్ నుంచి పుట్టినదే. ఈ జబ్బును ఫినైల్ కీటోన్యూరియా అంటారు.

ఈ బిడ్డ తల్లి గర్భంలో ఉన్నంత కాలం ఏ ఇబ్బందీ ఎందుకు కలగదని మీరు అడగవచ్చు. గర్భంలో బిడ్డ రక్తంలోని అదనపు ఫినైల్‌అలనైన్ మాయ ద్వారా తల్లి వైపు వెళ్లిపోతుంది, తల్లి కాలేయంలోని ఎంజైము దాని పని చూసుకుంటుంది. బొడ్డు తాడు కోసిన తరువాతే బిడ్డ తన ఎంజైముల మీద తాను ఆధారపడవలసి వస్తుంది. అందుకే ఈ బిడ్డలు పుట్టినప్పుడు అందరు బిడ్డల లాగే కనిపిస్తారు.

ఇక చికిత్స సంగతి. 1951 ప్రాంతంలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో, హోర్స్ట్ బికెల్ అనే వైద్యుని దగ్గరకు ఒక రెండేళ్ల పాపను తీసుకువచ్చారు. ఆ పాప నడవదు, నిలబడదు, మాట్లాడదు, తల నేలకేసి కొట్టుకుంటూ ఏడుస్తుంది. ఫినైల్ కీటోన్యూరియా అని తేలింది, కాని అప్పటికి దానికి చికిత్స లేదు. ఆ తల్లి ఆ మాటను అంగీకరించలేదు. రోజూ ఉదయాన్నే ప్రయోగశాల గుమ్మం దగ్గర నిలబడి, ఏదో ఒక ఉపాయం చెప్పమని అడిగేది. బికెల్, ఆయన సహచరులు పాలలోని కేసిన్ అనే మాంసకృత్తును అమైనో ఆమ్లాలుగా విడగొట్టి, ఆ ద్రవాన్ని బొగ్గుపొడి గుండా పంపి ఫినైల్‌అలనైన్‌ను తొలగించారు. దానితో పాటు పోయిన ఇతర అమైనో ఆమ్లాలను మళ్లీ కలిపి, పాపకు అదే ఆహారంగా పెట్టారు. కొన్ని నెలలలో ఆ పాప పాకింది, నిలబడింది, ఆమె కళ్లలో వెలుగు వచ్చింది, ఒంటి మీది ముక్కిన వాసన పోయింది.

ఈ మెరుగుదల ఆహారం వల్లనే వచ్చిందా అని నిర్ధారించుకోవడానికి, తల్లికి చెప్పకుండా ఆ ఆహారంలో ఫినైల్‌అలనైన్ కలిపి చూశారు. కొద్ది రోజులలోనే పాప మళ్లీ వెనకటి స్థితికి జారిపోయింది. తల్లికి చెప్పకుండా అలా చేయడం నా దృష్టిలో తప్పే. తరువాత విషయం ఆమెకు చెప్పి, ఆమె అనుమతితోనే, ఆసుపత్రిలో వైద్యుల కళ్లెదుట ఆ పరీక్షను మరోసారి చేశారు. ఫలితం అదే వచ్చింది. ఎంజైమును పాప శరీరంలో ఎవరూ పెట్టలేకపోయారు. ఎంజైము చేయలేని పనిని ఆహారంలోనే ముందుగా తగ్గించగలిగారు. అలాగని ఫినైల్‌అలనైన్‌ను పూర్తిగా మానిపించడానికి వీలులేదు, ఎందుకంటే అది శరీరం స్వయంగా తయారు చేసుకోలేని అమైనో ఆమ్లం. ఎదుగుదలకు కావలసినంత ఉండాలి, అంతకు మించకూడదు. ఈ పిల్లల తల్లిదండ్రులు ప్రతి ముద్దనూ తూచి పెట్టడం అందుకే.

అయితే ఇక్కడ ఒక చిక్కు మిగిలింది. జబ్బు లక్షణాలు కనబడే నాటికే మెదడుకు జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోతుంది. ఆ నష్టాన్ని ఆహారం వెనక్కి తీసుకురాలేదు. మూత్రంలో ఆకుపచ్చ రంగు వచ్చే పరీక్ష పుట్టిన కొన్ని వారాల దాకా పట్టివ్వదు. ఈ చిక్కును విడదీసినవాడు అమెరికాలోని బఫెలో నగరానికి చెందిన రాబర్ట్ గత్రీ. ఆయన కుమారునికి బుద్ధిమాంద్యం ఉండేది. ఆయన బంధువులలో ఒక పసిపాపకు ఫినైల్ కీటోన్యూరియా ఉన్నట్లు ఆలస్యంగా తెలిసింది. ఆ బాధ నుంచి పుట్టినది ఆయన పరీక్ష. బిడ్డ మడమను సన్నగా గుచ్చి, కొన్ని రక్తపు చుక్కలను మందపాటి వడపోత కాగితం మీద ఆరబెట్టాలి. ఆ కాగితం బిళ్లను, ఎదగకుండా ఆపి ఉంచిన బ్యాక్టీరియా ఉన్న పళ్లెంలో ఉంచాలి. రక్తంలో ఫినైల్‌అలనైన్ ఎక్కువగా ఉంటే, ఆ బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా వలయంలాగా పెరుగుతుంది. 1960ల తొలి సంవత్సరాలలో వచ్చిన ఈ పద్ధతితోనే నవజాత శిశువులందరినీ పరీక్షించడం అనే ఆలోచన ఆచరణలోకి వచ్చింది. ఈనాడు బ్యాక్టీరియాకు బదులు యంత్రాలు వచ్చాయి, కాని మడమ నుంచి తీసిన ఆ చుక్కలు, ఆ కాగితం అలాగే ఉన్నాయి.

ఎంజైము లోపాలన్నీ ఇంత కఠినమైనవి కావు. లాక్టేజ్ అనే ఎంజైము పెద్దయిన తరువాత తగ్గిపోవడం వల్ల, ప్రపంచంలో సగానికి పైగా పెద్దలకు పాలలోని చక్కెర పూర్తిగా జీర్ణం కాదు. పాలు తాగితే కడుపు ఉబ్బడం, విరేచనాలు కావడం దాని లక్షణాలు. పాలు తగ్గించుకుంటే సరిపోతుంది, లేదా పాలతో పాటు ఆ ఎంజైమునే మాత్రగా తీసుకోవచ్చు. క్లోమం దెబ్బతిన్నవారికి కూడా వైద్యులు ఎంజైములను మందుగా ఇస్తారు. ఏ లోపమూ లేనివారు మాత్రం ఆరోగ్యం కోసమని ఎంజైము మాత్రలు కొనడంలో నాకు అర్థం కనబడదు. ఎంజైము కూడా మాంసకృత్తే కదా, మింగిన ఎంజైమును మన జీర్ణరసాలు ఇతర మాంసకృత్తుల లాగే ముక్కలు చేస్తాయి. అది నేరుగా కాలేయానికి చేరి అక్కడ పని చేయదు.

ఇంట్లో బిడ్డ పుట్టబోతున్న శ్రోతలకు ఒక్క మాట. ప్రసవానికి ముందే వైద్యులను అడిగి, మడమ రక్తపు పరీక్ష చేస్తారా, అందులో ఏ ఏ లోపాలను చూస్తారు అనే సంగతి తెలుసుకోండి. బిడ్డ పుట్టి 24 గంటలు దాటాక, 72 గంటల లోపల రక్తం తీయించడం మంచిది. అంతకన్నా ముందు తీస్తే, బిడ్డ తాగిన పాలలోని ఫినైల్‌అలనైన్ రక్తంలో పెరగడానికి తగినంత వ్యవధి ఉండదు, ఉన్న జబ్బు కూడా లేనట్లు కనబడవచ్చు. తొందరగా ఇంటికి పంపించివేస్తే, మళ్లీ ఎప్పుడు తీసుకురావాలో అడగండి. రక్తం ఇచ్చిన కాగితం మీద బిడ్డ పుట్టిన గంట, రక్తం తీసిన గంట రెండూ రాశారో లేదో మీరే చూడండి. ఫలితం ఎన్ని రోజులలో వస్తుందో అడిగి రాసుకొని, ఆ రోజుకు రాకపోతే ఫోన్ చేసి అడగండి.

నమస్కారం.