డబ్బా విప్పితేనే ఆట

పెద్దలందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్నవి ఆరు లెగో ఇటుకలు, అంటే ఒకదానికొకటి అతికించి ఆడుకునే ప్లాస్టిక్ ముక్కలు. ఆరూ ఎర్రవే. ఒక్కొక్క దాని మీద రెండు వరసల్లో ఎనిమిది బొడిపెలున్నాయి. ఈ ఆరింటినీ ఎన్ని రకాలుగా అతికించవచ్చో మనసులో ఒక అంకె అనుకోండి. వెయ్యి అనుకున్నవాళ్లు ఉంటారు, లక్ష అనుకున్నవాళ్లు ఉంటారు. అసలు లెక్క 91,51,03,765. లెగో కంపెనీ వాళ్లు చాలా ఏళ్లపాటు 10,29,81,500 అని చెప్పుకుంటూ వచ్చారు. కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడు సోరెన్ ఐలర్స్‌కి ఆ అంకె మీద అనుమానం వచ్చింది. తీరా చూస్తే, ఆ పాత లెక్కలో ఆరు ఇటుకల్నీ ఒకదాని మీద ఒకటి ఆరు వరసల ఎత్తుకి నిలబెట్టిన రూపాలే ఉన్నాయి. రెండు పక్కపక్కన పెట్టి, పైన ఇంకొకటి వంతెనలా వేసే రూపాలు లెక్కలోకే రాలేదు. వాటన్నిటినీ కలిపి కంప్యూటరు చేత లెక్క కట్టిస్తే ఈ తొంభై ఒక్క కోట్ల పైచిలుకు తేలింది.

ఈ లెక్క ముందే ఎందుకు చెప్పానంటే, లెగో పోగుచేసే పెద్దవాళ్లలో రెండు రకాల మనుషులున్నారు. ఒక రకం డబ్బా కొని, సీలు కూడా తియ్యకుండా అలమరలో దాచి, ధర పెరిగాక అమ్ముతారు. ఇంకో రకం డబ్బా విప్పుతారు. నేను రెండో రకం. మిమ్మల్ని కూడా ఆ వైపు లాగాలనే ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చాను.

ఈ ఇటుక పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పుకుందాం. డెన్మార్క్‌లో బిలుండ్ అని చిన్న ఊరు. అక్కడ ఓలే కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి ఉండేవాడు. మాంద్యం రోజుల్లో పెద్ద పనులు దొరక్క 1932లో చెక్క బొమ్మల మీద పడ్డాడు. కొండపల్లిలో తెల్ల పొణికి కర్ర చెక్కే కుటుంబాలను దగ్గర్నుంచి చూసినవాళ్లకు ఈయన కొత్త మనిషిలా అనిపించడు. ఆయన కొడుకు గాడ్‌ఫ్రెడ్ చిన్నప్పుడు ఒకసారి చెక్క బాతులకు మూడు పూతల వార్నిష్ వెయ్యాల్సిన చోట రెండే వేసి, డబ్బు మిగిల్చానని సంబరంగా చెప్పాడట. తండ్రి ఆ పెట్టెల్ని రైల్వే స్టేషను నుంచి వెనక్కి తెప్పించి, మూడో పూత వేసిందాకా వాణ్ణి పడుకోనివ్వలేదట. కంపెనీ వాళ్లు ఇప్పటికీ తరచూ చెప్పుకునే కథ ఇది.

ప్లాస్టిక్ ఇటుకలు 1949లో వచ్చాయి. అంతకుముందే బ్రిటన్‌లో హిల్లరీ పేజ్ అనే ఆయన కిడ్డీక్రాఫ్ట్ పేరుతో ఇలాంటివి చేశాడు, వీటికి ఆధారం అవే. అది కూడా చెప్పుకోవడం న్యాయం. ఆ తొలి ఇటుకలకు పైన బొడిపెలున్నా లోపలంతా డొల్ల. పెట్టినవి నిలిచేవి కానీ, ఎత్తితే ఊడిపోయేవి. 1958 జనవరి 28న గాడ్‌ఫ్రెడ్ పేటెంటుకు దరఖాస్తు పెట్టిన ఇటుకలో అడుగున గొట్టాలు వచ్చాయి. కింది ఇటుక బొడిపె పైదాని గోడకీ ఆ గొట్టానికీ మధ్య ఇరుక్కుంటుంది. మొత్తం పట్టంతా అక్కడే ఉంది. అది పిల్లల వేళ్లకు ఊడి రావాలి, కానీ ఎత్తినప్పుడు ఊడకూడదు. 1963లో ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌కు మారాక ఆ పట్టు ఏళ్ల తరబడి నిలవడం మొదలైంది. నిన్న కొన్న ముక్కని అరవైల నాటి ముక్క మీద పెడితే టక్కున కూర్చుంటుంది. నాకు ఈ వస్తువు మీద ఇంత ప్రేమ కలగడానికి మొదటి కారణం అదే.

అమెరికాలో, యూరప్‌లో ఈ సరదా ఉన్న పెద్దలు తమ జీవితంలో చీకటి యుగం అని ఒకటి చెప్పుకుంటారు. చిన్నప్పుడు ఆడి, పదో తరగతి వయసులో వదిలేసి, ఉద్యోగాలొచ్చాక మళ్లీ మొదలుపెట్టే దాకా మధ్యలో ఉండే ఏళ్లన్నమాట. నా ఈడు తెలుగువాళ్లలో చాలామందికి ఆ యుగమే లేదు, ఎందుకంటే చిన్నప్పుడు లెగో ఉంటే కదా వదిలెయ్యడానికి! మాకు తెలిసింది నట్లు, బోల్టులు బిగించే మెకానిక్స్ సెట్టు, లేదంటే జాతరలో కొన్న వదులు వదులు ప్లాస్టిక్ ముక్కలు. మొదటి లెగో డబ్బా నేను సొంత జీతంతోనే కొన్నాను. అందుకే మనకి ఇందులో పాత జ్ఞాపకాల బరువు లేదు. నలభై ఏళ్ల మనిషి కొత్తగా వీణ నేర్చుకున్నట్టు నేర్చుకుంటాం.

‘ఈ వయసులో బొమ్మలేమిటి’ అని అడిగేవాళ్లకు నా దగ్గర ఒకటే జవాబు. మన ఇళ్లలో బొమ్మల కొలువు పెట్టేది పెద్దవాళ్లే. మా అమ్మ సంక్రాంతి వస్తుందంటే అటక మీద పెట్టె దింపించి, పాత చీరల్లో చుట్టిన బొమ్మల్ని ఒక్కొక్కటే తుడుస్తుంది. ఏ బొమ్మ ఏ మెట్టు మీద ఉండాలో ఆవిడకో లెక్క ఉంది. నేను కట్టిన వీధి ఇళ్లను చూసి ఒక ఏడు, ‘వీటిని కింది మెట్టు పక్కన ఊరు సెట్టు చేసే చోట పెట్టరా, బాగుంటాయి’ అంది. అప్పట్నుంచి ప్రతి ఏడూ అవి అక్కడే. అన్నట్టు, లెగో కంపెనీ కూడా 2020 నుంచి పెద్దవాళ్ల కోసం చేసే సెట్ల డబ్బాలను నల్లగా మార్చి, వాటి మీద 18+ అని అచ్చు వేస్తోంది.

ఇక డబ్బు సంగతి. ఇది చవకైన సరదా కాదు, మన దేశంలో మరీను. 2020 బడ్జెట్‌లో బొమ్మల దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి అయింది. మన బొమ్మల తయారీదారులకు ఊతం ఇవ్వాలన్న ఉద్దేశం నాకు అర్థమవుతుంది, దాన్ని తప్పుపట్టను. కానీ దాని ఫలితంగా మా వాళ్లంతా అమెరికా నుంచి వచ్చే అక్కల, బావల సూట్‌కేసుల మీద ఆధారపడ్డాం. తెచ్చేవాళ్లకు ఒక మాట చెబుతుంటాను: డబ్బాలో సగం గాలే ఉంటుంది. అక్కడే విప్పి, నంబర్లు వేసిన సంచుల్ని బట్టల మధ్య సర్ది, అట్టపెట్టెని మడిచి అడుగున పరిచేస్తే తిరుగు ప్రయాణంలో ఆవకాయ జాడీకని వదిలిన చోటు వచ్చేటప్పుడు దీనికి సరిపోతుంది. సీలు మీద మోజున్నవాళ్లు ఈ మాటకి ఉలిక్కిపడతారు.

సీలు మోజు గురించి తాజ్‌మహల్ కథ చెప్పాలి. 2008లో లెగో 5,922 ముక్కలతో తాజ్‌మహల్ సెట్టు తెచ్చింది. అమ్మకాలు ఆగిపోయాక దాని ధర ఆకాశాన్నంటింది. సీలు విప్పని డబ్బాలు వేల డాలర్లు పలికాయి. మనిషి చేతుల్లో లేచి నిలబడాల్సిన తాజ్‌మహళ్లు ఎన్నో బీరువాల్లోనే ఉండిపోయాయి. 2017లో కంపెనీ అదే సెట్టుని ఒక్క ముక్క ఎక్కువగా, 5,923 ముక్కలతో మళ్లీ విడుదల చేసింది. దాచుకున్నవాళ్ల ధరలు కూలిపోయాయి. వాళ్ల నష్టానికి నేను సంతోషించడం లేదు. తొమ్మిదేళ్లపాటు ఆ గుమ్మటాన్ని తమ చేతులతో మూసే సుఖం పోగొట్టుకున్నారే అన్నదే నా బాధ. షేర్లు కొనాలనుకునేవాళ్లకు షేర్ల బజారు ఉంది కదా, ముక్కల్ని ముక్కలుగా ఉండనివ్వండి.

విప్పాక మొదటి పని సెట్టు పుస్తకం చూసి కట్టడం. ఇది తక్కువ పని అనుకోకండి. మంచి సెట్టు కడుతున్నప్పుడు దాన్ని రూపొందించినవాళ్లు మన పక్కన కూర్చుని విద్య చెప్పినట్టే ఉంటుంది. 2007లో వచ్చిన కెఫే కార్నర్ అనే భవనం చూడండి, అక్కణ్ణుంచే పక్కపక్కన కలిపి వీధిలా పేర్చగలిగే మాడ్యులర్ భవనాల వరస మొదలైంది. ఎత్తు, వెడల్పుల లెక్క నాకు పుస్తకాల కంటే ఇలాంటి సెట్ల వల్లే ఎక్కువ వంటబట్టింది. బొడిపెకీ బొడిపెకీ దూరం 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6. ప్లేటు అనే పలచటి ముక్క ఎత్తు 3.2, అంటే మూడు ప్లేట్లు కలిస్తే ఒక ఇటుక. ఐదు ప్లేట్లు పేర్చితే 16 మిల్లీమీటర్లు, రెండు బొడిపెల వెడల్పూ 16 మిల్లీమీటర్లే. కాబట్టి ఇటుకల్ని పక్కకి పడుకోబెట్టి కట్టినా, నిలబెట్టి కట్టిన గోడలో వెంట్రుకవాసి తేడా లేకుండా ఇమిడిపోతాయి. కిటికీ చుట్టూ సన్నటి అంచులు, జాలీలు, అక్షరాలు అన్నీ ఈ ఒక్క సమానత్వం మీదే నడుస్తాయి.

రెండో పని విడగొట్టి సర్దుకోవడం. కొత్తవాళ్లు రంగుల వారీగా సర్దుతారు, చూడ్డానికి అందంగా ఉంటుంది. కానీ వెయ్యి నల్ల ముక్కల్లో ఒక చిన్న నల్ల ముక్కని వెతకడం నరకం. అదే ఆకారం వారీగా సర్దితే, ఒకే ఆకారం ముక్కల్లో ఎర్రది కావాలంటే కంటికి వెంటనే తగులుతుంది. మురికి పట్టినవాటిని 40 డిగ్రీలు దాటని గోరువెచ్చని నీళ్లలో కడగాలి. ఎండ పడే కిటికీ దగ్గర మాత్రం పెట్టొద్దు, తెల్లవి పసుపు తిరుగుతాయి.

మూడో పని అసలైనది, సొంతంగా కట్టడం. నేను చార్మినార్ కట్టాలనుకున్నాను. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కట్టించిన కట్టడం. నాలుగు భుజాలూ సమానం, ఒక్కో భుజం దాదాపు 20 మీటర్లు. నూరో వంతు కొలతకి తెస్తే 20 సెంటీమీటర్లు, అంటే సరిగ్గా 25 బొడిపెలు. ఇక్కడే చిక్కొచ్చింది. లెగోలో ఎక్కువ ముక్కలు సరి సంఖ్యలో ఉంటాయి, 25 బేసి. ‘24 చేసుకుంటే సరిపోయేదానికి ఎందుకండీ ఈ తంటా’ అని ఒక మిత్రుడు అన్నాడు. కానీ 24లో నడిమి గీత రెండు బొడిపెల సందున పడుతుంది, కమాను కొన మొద్దుబారుతుంది. 25లో సరిగ్గా మధ్యన ఒక్క బొడిపె నిలుస్తుంది. మొన దాని మీద తేలుతుంది. చార్మినార్ కమానుకి ఆ మొనే ప్రాణం.

కంపెనీ చేసే కమాను ముక్కలు దాదాపు అన్నీ గుండ్రటివి. వాటిని పక్కన పెట్టి, వాలు ముక్కల్ని తలకిందులు రకంలో తీసుకున్నాను. మూడు ఇటుకల ఎత్తుకి ఒక్క బొడిపె లోపలికి వచ్చే నిటారు ముక్క ఒకటుంది. ఒకే ఇటుక ఎత్తులో ఒక బొడిపె లోపలికి వచ్చేది ఇంకొకటి. కింద రెండు మెట్లకి నిటారువి, ఆ పైన నాలుగు మెట్లకి మామూలువి వేశాను. కమాను వెడల్పు 13 బొడిపెలు పెట్టుకున్నాను కాబట్టి ఇటు ఆరు, అటు ఆరు పోగా నడుమ ఒకటి మిగిలింది. మేస్త్రీలు కమాను కట్టేటప్పుడు అడుగున సెంట్రింగు పెడతారు, చివరి రాయి పడ్డాకే తీస్తారు. లెగోలో సెంట్రింగు అక్కర్లేదు, బొడిపెల పట్టే మోస్తుంది. కానీ ప్రతి మెట్టుకీ తోక గోడలోపలికి చాలినంత వెళ్లాలి, లేకపోతే ముందుకి ఒరుగుతుంది. ఆ నడిమి బొడిపె మీద అడ్డంగా ప్లేటు వేసి నొక్కిన క్షణంలో రెండు వైపులూ ఒక్కటై బిగిశాయి. వేలితో తట్టి చూస్తే గోడంతా ఒకే ముక్కలా పలికింది.

లోపలి అంతస్తులకు సరి సంఖ్య ముక్కలే వాడక తప్పదు. వాటిని బేసి గోడలకి కలపడానికి జంపర్ ప్లేటు అని ఒకటుంది: రెండు బొడిపెల పొడవు, నడుమ ఒకే బొడిపె. దాంతో దేన్నైనా అర బొడిపె పక్కకి జరపొచ్చు. నన్నడిగితే లెగోలో ఇంతకు మించిన ముక్క లేదు. మినార్లకి కింద నాలుగు బొడిపెల గుండ్రటి ముక్కలు, పైకి వెళ్లాక రెండు బొడిపెలవి. అర మీటరు దాకా లేచే స్తంభం ఊగకుండా నడిమి కన్నంలో లెగో వాళ్ల టెక్నిక్ అనే యంత్రాల సెట్లలో వచ్చే ఇరుసులు దూర్చాను. రంగు సున్నపు గచ్చుకి దగ్గరగా ఉండే టాన్ అనే లేత గోధుమ రంగు, నీడ పడే చోట్ల ముదురు టాన్.

ఇది కడుతున్నన్నాళ్లూ తెల్లవారగట్ల లాడ్ బజార్ దుకాణాలు తెరవకముందే వెళ్లి నిలబడేవాణ్ణి. హైదరాబాద్‌లో ఇన్నేళ్లుగా ఉంటూ ఆ కట్టడాన్ని నేను బస్సులోంచి చూశాను, బంధువులకు చూపించాను, కానీ కమాను ఎక్కడ మొదలై ఎక్కడ వంపు మార్చుకుంటుందో ఏనాడూ గమనించలేదు. ఒక ముక్క ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాల్సి వచ్చాకే అది కంటికి కనబడింది. పెద్దవాడికి ఈ ఆట ఇచ్చేది ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ చార్మినార్ ఇప్పుడు లేదు. అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, కొలతలు రాసుకుని, విప్పేశాను. చూసినవాళ్లు అయ్యో అన్నారు. కానీ ఆ టాన్ ముక్కలు నాకు మళ్లీ కావాలి. విడి ముక్కలు కొనడానికి బ్రిక్‌లింక్ అనే అంతర్జాల సంత ఉంది, 2019లో దాన్ని కంపెనీయే కొనేసింది. అయితే చిన్న ఆర్డరుకి విదేశీ తపాలా ఖర్చు ముక్కల ఖరీదుని మింగేస్తుంది. ఉన్నవాటినే తిప్పి తిప్పి వాడుకోవడం మనకి మేలు.

ఇప్పుడు బల్ల మీద గాలిగోపురం మొదలైంది. కమాను చిక్కు కంటే ఇది పెద్దది. గోపురం పైకి వెళ్లేకొద్దీ ఒక్కో నిలువ, అంటే ఒక్కో అంతస్తు, రెండు వైపులా కొద్దికొద్దిగా తగ్గుతుంది. పూర్తి బొడిపె తగ్గిస్తే మెట్ల పిరమిడ్ అయిపోతుంది, అర బొడిపె చొప్పున తగ్గించాలంటే ప్రతి నిలువకీ జంపర్లు కావాలి. పైగా అసలు గోపురంలో అన్ని నిలువలూ ఒకే లెక్కన తగ్గవు. మీ ఊరి గుడి గోపురాన్ని నేరుగా ఎదురుగా నిలబడి తీసిన ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉంటే, లేదా నిలువల కొలతలు తెలిసిన స్థపతులు ఎవరైనా మీకు పరిచయం ఉంటే, సభ అయ్యాక దయచేసి నన్ను కలవండి. జంపర్లు తెచ్చాను, ఆ బల్ల దగ్గర కూర్చుని రెండు నిలువలు కట్టి చూద్దాం.