కరోనా సాయం ఎవరి చేతికి చేరింది? లెక్క ఊరికి తెలియాలా?

(తిరుపతి స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం)

వ్యాఖ్యాత: 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ నడుస్తుండగా పీఎం కిసాన్ కింద రైతుల ఖాతాల్లో 2,000 రూపాయలు పడ్డాయి. అక్కా, పలమనేరు దగ్గర మీరప్పుడు కౌలుకు టమాట పెట్టారు. మీతోనే మొదలుపెడదాం.

కౌలు రైతు: రెండెకరాలు మేడం. కాయ పండే వేళకి బండ్లు ఆగిపోయినాయి. కోత కూలి కూడా రాదని చెట్టు మీదే వదిలేసినాం. డబ్బులు పడినాయని ఊళ్లో అనుకున్నారు. మాకు పడలేదు. భూమి ఆయమ్మది, బెంగళూరులో ఉంటుంది. ఆమెకు పడిందో లేదో ఇప్పటికీ తెలీదు. అడిగితే మళ్లీ చేను ఇయ్యదేమోనని టెన్షన్.

విశ్రాంత వ్యవసాయ అధికారి: ఆ 2,000 కరోనా కోసం కొత్తగా ఇచ్చింది కాదమ్మా. ఏటా మూడు విడతల్లో ఇచ్చే 6,000లోదే. మార్చి 26న ప్రకటించిన ప్యాకేజీలో చేర్చి ముందుగా వేశారు. అది భూమి పేరున ఉన్నవాళ్లకే వస్తుంది. రాష్ట్రం అప్పట్లో ఇచ్చిన రైతు భరోసా సాయంలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులను చేర్చింది గానీ, సాగు హక్కు పత్రం ఉండాలన్నారు. దానికి యజమాని ఒప్పుకోవాల్సి వచ్చేది.

కౌలు రైతు: ఎవరు ఒప్పుకుంటారు సార్? సంతకం పెడితే భూమి పోతుందని వాళ్ల భయం.

సమాచార హక్కు కార్యకర్త: 2021 జూలైలో కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. పీఎం కిసాన్‌లో 42 లక్షల మందికి పైగా అనర్హులకు దాదాపు 3,000 కోట్లు వెళ్లాయట. అందులో ఆదాయపు పన్ను కట్టేవాళ్లూ ఉన్నారు. ఫలానా ఆయన పన్ను కడతాడని ఆ ఊరివాళ్లకు తెలియదా? జాబితా వాళ్ల ముందు చదివి ఉంటే మొదటి విడతలోనే పట్టుకునేవాళ్లు.

అధికారి: ఊరివారీ జాబితా వెబ్‌సైట్‌లో ఉంది. రైతు భరోసా జాబితాలు గ్రామ సచివాలయాల్లోనూ పెట్టారు.

కార్యకర్త: పేర్లున్నాయి సార్. ఆ పొలంలో పైరు పెట్టిందెవరో అందులో ఎక్కడుంది? ఉపాధి హామీ సామాజిక తనిఖీలో ఎవరికెంత కూలి ఇచ్చారో గ్రామసభలో చదువుతారు. గంపెత్తిన మనిషి కూలి లెక్క ఊరంతా వినొచ్చు. భూమి ఉన్నవాళ్లకు అందిన సర్కారు సొమ్ము మాత్రం సొంత విషయమా? నాకు నిజంగా బాధేస్తుంది.

వ్యాఖ్యాత: వివరాలు బయటపెడితే సైబర్ మోసాల భయం ఉంది కదా?

అధికారి: ఉంది. ఆధార్, ఖాతా, ఫోన్ నంబర్లు ఎట్టి పరిస్థితుల్లోనూ బయటికి రాకూడదు.

కార్యకర్త: అవి మేమూ అడగం. సబ్సిడీ పొందినవాళ్ల వివరాలు ఎవరూ అడగకుండానే ప్రకటించాలని సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్‌లో 2005 నుంచీ ఉంది. 2023 డేటా రక్షణ చట్టం వ్యక్తిగత సమాచారం ఇవ్వకపోవడాన్ని ఇంకా తేలిక చేసింది. ఈ రెంటి మధ్య నలిగేది ఈ అక్క లాంటివాళ్లే.

కౌలు రైతు: వెబ్‌సైట్ చూడటం నాకు రాదు. సచివాలయం గోడ మీద సర్వే నంబరు, డబ్బు తీసుకున్నవాళ్ల పేరు, పైరు పెట్టినవాళ్ల పేరు పక్కపక్కన రాయమనండి. అప్పుడు ఆయమ్మను నేను నోరు తెరిచి అడిగే పనే ఉండదు.

అధికారి: కొత్తగా సర్వే కూడా అక్కర్లేదు. సాగు చేసేవాళ్ల పేరు ఈ-క్రాప్‌లో, అంటే సర్కారు పంటల నమోదులో ఎక్కిస్తున్నారు. రెండు జాబితాలూ కలిపితే చాలు.

కౌలు రైతు: ఈ మాట ఇప్పుడు ఆఫీసులో కూర్చున్నోళ్లకు చెప్పండి సార్.