వస మొక్క చేమకు చుట్టమేనా?

[తెరపై: నీటి గట్టున గుబురుగా పెరిగిన వస]

ఇది వస. ఆకు కొస తుంచి నలిపితే గుప్పుమని ఘాటు వాసన. ఆకు కత్తిలా నిలబడి ఉంటుంది. రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఏది పైభాగమో, ఏది అడుగో చెప్పలేం.

[క్లోజప్: పూలకంకి]

ఇప్పుడు కంకి చూడండి. వేలంత లావు, ఒంటినిండా కిక్కిరిసిన చిట్టి పూలు. చేమ, కందలకూ ఇలాంటి కంకే వస్తుంది. అందుకే వసను చాలాకాలం వాటి కుటుంబమైన ఏరేసీలోనే ఉంచారు. తప్పు పట్టలేం, ఎవరు చూసినా అలాగే అనుకుంటారు.

[రెండు మైక్రోస్కోప్ చిత్రాలు పక్కపక్కన]

కాస్త లోపలికి వెళ్తే మాత్రం పోలిక చెడుతుంది. చేమ ఆకులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. దురదకు ముఖ్య కారణం అవే. వసలో ఆ సూదులు లేవు, సుగంధ తైలం నిండిన కణాలున్నాయి. చేమ కంకి వెనక పాముపడగలా ఒక ఆకు కాస్తుంది. వసలో ఆ పడగ లేదు. కాడే ఆకులా పైకి సాగిపోయి, కంకి దాని పక్కకు అతికించినట్టు కనిపిస్తుంది.

[తెరపై: 1993]

ఆ ఏడాది రకరకాల మొక్కల్లో ఆర్‌బీసీఎల్ అనే జన్యువును పోల్చి చూశారు. ఇది ఆకుల్లోని పచ్చటి రేణువుల్లో, అంటే క్లోరోప్లాస్ట్‌లలో ఉండే జన్యువు. ఏకదళబీజాల్లో, అంటే గింజలో ఒకే బీజదళం ఉండే మొక్కల్లో, వస ఒక్కటే ఒక పక్క, వరి, కొబ్బరి, ఉల్లి, ఆర్కిడ్, చివరికి చేమతో సహా మిగతావన్నీ ఇంకో పక్క! 1998 నాటి ఏపీజీ అనే పూలమొక్కల వర్గీకరణలో వసకు ఎకోరేలిస్ అని సొంత క్రమమే (కుటుంబం కన్నా పై మెట్టు) ఇచ్చారు. అందులో ఉన్నది ఒకే కుటుంబం, ఒకే ప్రజాతి.

అలాగని వసను అందరికీ ముత్తవ్వ అనకండి. ఈ మాట చాలా చోట్ల వినిపిస్తుంది, నాకు చిరాకు. వంశవృక్షంలో కొమ్మ చీలాక రెండు పాయలకూ ఒకే వయసు. రెండూ ఎవరి దారిలో అవి మారుతూనే వచ్చాయి.

[యానిమేషన్: చెట్టులో రెండో చీలిక]

తర్వాత విడిపోయింది అలిస్మటేలిస్ అనే క్రమం. చేమ కుటుంబం ఇక్కడిదే. మిల్లీమీటరు కూడా ఉండని వుల్ఫియా, మూడు మీటర్ల దాకా లేచే టైటాన్ ఆరమ్ పూలకంకి, రెండూ ఆ ఒక్క ఇంటివే. సముద్రం అడుగున పూసే సీగ్రాస్‌లదీ ఈ క్రమమే. పేరులో గ్రాస్ ఉన్నా గడ్డితో దగ్గరి చుట్టరికం లేదు.

[చివరి షాట్: నీళ్లలో హైడటెల్లా]

దీని కథ ఇంకో తమాషా. వర్గీకరణలో గడ్డి, తుంగల పక్కన ఉంచిన ఈ బుల్లి మొక్కల కుటుంబం కలువలకు బంధువని 2007లో బయటపడింది. అంటే అసలు ఏకదళబీజమే కాదు!